థాల్వెగ్ తెచ్చిన తంటా

వేదిక మీదున్న మా ప్రధానోపాధ్యాయులు నాగేంద్రబాబు గారికి, ముందు వరుసలో కండువా సర్దుకుంటున్న మా మావగారు భీమరాజు గారికి, పెద్దలకు, తోటి ఉపాధ్యాయులకు, నేను పాఠం మొదలుపెట్టగానే ఆవలించే నా విద్యార్థులకు నమస్కారం.

నా పదవీ విరమణ సభ కదా, ఇంతవరకూ మాట్లాడినవారంతా నన్ను సహనమూర్తి అన్నారు. ఆ మాటకి మా అత్తగారు మంగాయమ్మ గారు పక్కావిడ వైపు చూడడం నేను గమనించాను. (నవ్వులు) అందుకని నా సంగతి వదిలేసి ఒక మాట గురించి చెప్తాను.

థాల్వెగ్. జర్మన్ మాట. థాల్ అంటే లోయ, వెగ్ అంటే దారి. నదిలో అన్నిటికంటే లోతైన చోట్లను కలుపుతూ పోయే గీతకి ఆ పేరు. రెండు దేశాల మధ్య నది పారుతుంటే చాలాచోట్ల ఆ గీతనే సరిహద్దు అనుకుంటారు. భూగోళం పాఠంలో లేకపోయినా పిల్లలకి చెప్పేదాన్ని. అంతటితో ఊరుకుంటే పోయేది.

కొన్నేళ్ళ కిందట వరద తీశాక, సఖినేటిపల్లి రేవుకి ఎగువన, మా ఊరికి ఎదురుగా గోదావరిలో కొత్త లంక తేలింది. అవతలి ఒడ్డు వేరే జిల్లా. మనవాళ్ళు దోసపాదులు పెడితే వాళ్ళు పీకారు, వాళ్ళు పాక వేస్తే మనవాళ్ళు కూల్చారు, చివరికి ఒకాయన తల పగిలింది. అప్పుడు పెద్దమనుషులు రేవులో కూర్చుందామనుకున్నారు.

మావగారు నన్ను పిలిచి, “అవతలోళ్ళ నోరు మూయించే మాటేదైనా మీ పుస్తకాల్లో ఉందా అమ్మా?” అన్నారు. ఈ మాట చెప్పాను. అది దేశాల సంగతి, ఊళ్ళ హద్దు రెవెన్యూవాళ్ళు తేల్చాలి అని కూడా చెప్పాను గాని, అప్పటికే ఆయన చెప్పులు వేసుకుని నన్నూ రేవుకి బయల్దేరమంటున్నారు.

“జర్మనీ మాటంటే గట్టిదేనండి,” అని రేవులో ఆయనే ప్రకటించారు. లోతు తమ వైపు లేదని ఇరుపక్షాలకీ నమ్మకం, కాబట్టి ఇరుపక్షాలూ ఒప్పుకున్నాయి. పడవలో గెడ దించుకుంటూ వెళ్ళి చూస్తే లోతంతా మన ఒడ్డు పక్కనే ఉంది. అంటే గీత లంకకి ఇవతలే, లంక వాళ్ళది.

“ఆ మాటకి ఇంకో అర్థం ఏదైనా ఉందేమో చూడమ్మా,” అన్నారు మావగారు, అందరిముందూ.

“లేదండి మావయ్యగారూ,” అన్నాను. (నవ్వులు)

మీరు నవ్వుతున్నారు. ఆ రోజు ఎవరూ నవ్వలేదు.

ఆపైన ఏడాదిపాటు మావగారు నాతో మాట్లాడలేదు. “ఆ జర్మనీ ఆవిణ్ణి కాఫీ తాగమను,” అని అత్తగారితో చెప్పించేవారు. కాఫీ మాత్రం ఏనాడూ మానిపించలేదు. నన్ను బదిలీ చేయించమని ఊళ్ళో కొందరు నాగేంద్రబాబు గారి దగ్గరికి వస్తే, “భూగోళం చెప్పడానికి ఇంకెవరూ దొరకరండీ,” అని పంపించేశారు. ఇన్నేళ్ళలో నా గురించి ఆయన అన్న మంచిమాట అదొక్కటే. (నవ్వులు) తెలియదని తప్పుకుంటే పోయేది కదా అని వంటింట్లో చాలాసార్లు అనుకున్నాను. ఒంటరిగా అనిపించేది. (ఆగి) సరే.

మరో వరదకి గోదావరి ఆ లంకని పూర్తిగా పట్టుకుపోయింది. ఇప్పుడు అక్కడ నీళ్ళే. మావగారు నాతో మాట్లాడడం మొదలుపెట్టారు.

పోయిన నెల ముక్తేశ్వరం వైపు నుంచి రెండూళ్ళవాళ్ళు ఇలాంటి లంక తగువుతోనే మా ఇంటికి వచ్చారు.

“మీ కోడలుగారు సొంతూరికే ఎదురు చెప్పేరంట కదండీ,” అన్నారు.

“ఆయ్, చెప్పింది. మా లంకే పోయింది. ఇంతకన్నా నమ్మకం ఏం కావాలండీ మీకు?” అన్నారు మావగారు.

లోపల కూరగాయలు తరుగుతున్నదాన్ని కత్తిపీట ముందు అలాగే కూర్చుండిపోయాను. ఇంటికి కోడలిగా వచ్చాక ఆయన నన్ను మెచ్చుకోవడం అదే మొదలు. అక్కడితో ఆగితే ఆయన భీమరాజు గారెందుకవుతారు? “ఉద్యోగం అయిపోగానే మర్నాడే పంపిస్తాను,” అని వాళ్ళకి మాటిచ్చేశారు. నన్ను అడగలేదు.

కాబట్టి రేపు పొద్దున్నే నేను పడవెక్కాలి. ఈ ఎండల్లో మీరు శాలువా కప్పారు, సంతోషం, గొడుగిచ్చినా బాగుండేది. (నవ్వులు) నన్ను ఇన్నాళ్ళు భరించిన అందరికీ కృతజ్ఞతలు. సెలవు.