కాలు గోక్కున్న శవం

తమ్ముడు తీసిన నలుపు తెలుపుల ప్రళయచిత్రం మొన్న విడుదలైంది. సమీక్ష వచ్చిన పత్రికతో అతడు అక్క కుట్టుమిషన్ పక్కన చతికిలబడ్డాడు.

“విమర్శకుడు మెచ్చుకున్నాడక్కా.”

“మరి ఆ మొహమేంట్రా, నీ సినిమాలాగే రంగు పోయింది?”

“వీధి నిండా శవాలుంటాయి కదా. అందులో ఒకటి కాలు గోక్కుందట. ‘లోకం అంతమైనా కోరిక చావదని ఇంత భయంకరంగా ఎవరూ చెప్పలేదు’ అని రాశాడు.”

“అది మీ బావే కదా! చీమ కుట్టిందని షూటింగ్ రోజే చెప్పాడు.”

“నేను చూసుకోలేదు. ఏడాది ఆలోచించి తీసిన తల్లి ఏడుపు దగ్గర మాత్రం హాలంతా నవ్విందట.”

“పోనీలే, గుడ్డికన్నా మెల్ల నయం.”

“రేపు సినిమా మీద పెట్టిన సభలో అడుగుతారక్కా, ఆ గోకుడు మీ ఆలోచనేనా అని. అవునంటే అబద్ధం. కాదంటే సినిమాలో నాదని మిగిలేది ఆ ఏడుపొక్కటే. అయినా సరే, చీమ సంగతే చెప్పేస్తాను.”

“చెప్పు, నాకేం. కానీ మీ బావ ముందు వరుసలో కూర్చుంటానంటున్నాడు.”

“కూర్చోనీ. బావకు నిజం తెలుసుగా?”

“నిన్నటిదాకా తెలుసు. ఆ సమీక్ష చదివిన దగ్గర్నుంచి అద్దం ముందు నిలబడి కాలు గోక్కుంటున్నాడు. ఇంకాస్త నెమ్మదిగా గోక్కుని ఉండాల్సిందని ఒకటే బాధ.”