రోహిణి పేరు లేని పుస్తకం

శేరిలింగంపల్లిల మొగిలి ఇంటి ముంగటి అరుగు. పక్కన కూసున్నది ఆయన అక్క బిడ్డ రోహిణి, యూనివర్సిటీల ఎకనామిక్స్ చెప్తది.

"నవ్వకు మామా. నేను ఏడ్సుకుంట చెప్తుంటే నువ్వు నవ్వుతున్నవ్."

"నవ్వుతలేను కోడలా. నా మొకమే గంత. పెండ్లి ఫోటోల గూడ గిట్లనే ఉన్న, మీ అత్త ఇప్పటికీ తిడ్తది. చెప్పు, ఆ సారు పేరేందన్నవ్, గంత పొడుగు?"

"సీతారామాంజనేయులు సార్. నాకు పీహెచ్‌డీల గైడ్."

"ఒక్క మనిషికి ముగ్గురు దేవుండ్ల పేర్లు. గందుకే అట్ట మీద నీ పేరుకు జాగ లేకుంటయింది."

"మామా."

"సరె సరె. ఏం జేసిండు?"

"మన టిఫిన్ బండ్లోళ్ల మీద నేను చేసిన స్టడీ. ఎండల తిరిగిన, మాదాపూర్ల బండి బండికి పోయి మాట్లాడిన, ఇంటికొచ్చి కూసోని రాసిన. ఇప్పుడది పుస్తకమయింది. ఆయనొక్కని పేరు మీద. ముందుమాటల 'సాయం చేసిన విద్యార్థులకు థాంక్స్' అని ఒక్క ముక్క. నా పేరు గూడ లేదు."

"పేరు గూడ లేదు."

"లేదు."

"మంచిగ దేవులాడినవా?"

"మామా, నాకు చదువొస్తది."

"వస్తది వస్తది. నాకే రాదు. నేను సారు కుర్చీ కింద కప్పను పెట్టి బడి బందువెట్టినోన్ని. నువ్వు మన బస్తీల మొదటి డాక్టరువి. నువ్వు డాక్టరయిన నాడు రాజయ్య ముసలాయన్ను మోకాళ్ల నొప్పులకని నీ దగ్గర్కి తోలింది నేనే."

"తెల్సు. గోలీలియ్యమని కూసున్నడు, లెవ్వడు."

"నువ్వేం జేసినవ్?"

"తాతా, నెల ఖర్చు ఎట్ల ఎల్లదీస్తున్నవని అడిగి రాసుకున్న."

"అగో. ఇప్పుడు నవ్వినవ్ చూడు."

"నవ్వేటట్టు లేదు మామా. సోమవారం కమిటీ కూసుంటది. ఆ పుస్తకం నాదని తేలితే నా నౌకరి పర్మనెంటైతది. లేకుంటే మళ్ల గెస్ట్ లెక్చరర్‌నే, యేడాదికోపారి వాళ్ల కాళ్లు పట్టుకునుడే. సారేమంటున్నడు తెల్సా? నేనొట్టిగ కాయితాలు నింపిన పిల్లనంట. తిరిగింది, అడిగింది అంత ఆయనంట. ఒక్కనాడన్న బండికాడ నిలవడి చాయ్ తాగిండా ఆయన?"

"తాగలే. నేనైతే చూడలే."

"గదే చెప్పాలె వచ్చి. పోచమ్మత్త, సత్తెమ్మ, కనకలక్ష్మి, బండ్లోళ్లందరు. మా దగ్గర్కి వచ్చింది ఈ పిల్లనే, మమ్ముల అడిగింది ఈ పిల్లనే అని. నువ్వు తీస్కరావాలె."

"కనకలక్ష్మి కారెక్కితే కక్కుతది."

"మామా, తీస్కొస్తవా లేదా?"

"ఆగు జర. ముందు నాకోటి చెప్పు. గా పుస్తకంల మా గురించి ఏమున్నది?"

"అది... ఎకనామిక్స్ మామా. నీకు..."

"సమజ్ కాదు. అయినా చెప్పు. నీ గోలీనే గద, మింగుత."

"బండ్లకు గిరాకీ జాగను బట్టి రాదు, చేతి వంటను బట్టి వస్తదని. బండ్లను వేరే జాగకు పంపినా నష్టం రాదని."

"గా ముక్క సారు కలిపిండేమో?"

"ఒక్క ముక్క కలపలే మామా. కామా గూడ నాదే. గదే కద నా బాధ."

"ఊఁ. మరి నీకెవలు చెప్పిన్రు?"

"మీరే. పోచమ్మత్తనే అన్నది, నా పుంటికూర పప్పు కోసం ఈ సాఫ్ట్‌వేరోళ్లు నేనేడున్నా దేవులాడుకుంట వస్తరని. సత్తెమ్మ గూడ, మంచిగ నడుస్తుంది, ఫికర్ లేదు అన్నది. అందరు గదే అన్నరు."

"అంటరు బిడ్డా. ఇంటి ఆడపిల్ల వచ్చి ఎట్లున్నరని అడిగితే ఏమంటరు? మంచిగున్నం అంటరు. అంతకు ముందు మున్సిపల్ ఆఫీసోళ్లు వచ్చి అడిగిన్రు సూడు, గప్పుడు ఇదే సత్తెమ్మ కొంగు కండ్లకు పెట్టుకోని ఏడ్సింది. నీ ముంగట ఏడుస్తదా? నీ కంచంల ముక్కలెక్కువేసి మరీ చెప్పింది, మంచిగున్నమని."

"ఇంటి పిల్లనని అట్ల చెప్పిన్రా?"

"నీకు గది తెల్వదా?"

"మామా, సర్వేల అట్ల..."

"సర్వే కాదు. నీకు తెల్వదా?"

"తెల్సు."

"తెల్సి?"

"అనుమానమొచ్చింది. మళ్లొకపారి పోయి అడుగుదామనుకున్న. సారన్నడు, ఇట్లనే కొత్తగుంది, ఇట్లనే ఉండనియ్యి, పుస్తకమైతది, అట్ట మీద ఇద్దరి పేర్లుంటయ్ అని."

"ఇద్దరి పేర్లు."

"గట్లనే అన్నడు మామా. మోసం చేసిండు."

"చేసిండు పాపం."

"వెటకారం చెయ్యకు. నువ్వు వాళ్లను అడగకుంటే నేనే అడుగుత. రేపు బండ్లకాడికొచ్చి..."

"ఏ బండ్లకాడికి?"

"మాదాపూర్..."

"లేవు. పోయిన వారం ఆ ఆఫీసోళ్లే లారీ తెచ్చి ఎక్కిచ్చుకపోయిన్రు. మీ అత్త పప్పు వండే గంజు పట్టుకోని లారీ ఎన్క ఉరికింది. నేను నవ్విన్నని అందరు తిట్టిన్రు. నా మొకం గంతనే గద."

"నాకెవ్వరు చెప్పలే."

"బాలానగర్ దిక్కు ఏదో పాత షెడ్డుల జాగిస్తరంట, కిరాయికి. అక్కడ ఇనుము గుద్దేటోళ్లు తప్ప ఎవలుంటరు సారూ, మా గిరాకీ ఏడికెళ్లి రావాలె అన్నం. ఆఫీసరు పుస్తకం దీసి సదివిండు. మీరు యాడికి పోయినా మీ గిరాకీ వస్తదని పెద్ద ప్రొఫెసర్ రాసిండన్నడు. పుంటికూర పప్పు గూడ ఉన్నది అండ్ల. మీ అత్త తన మాట తానే గుర్తువట్టింది."

"అయితే... నేనని తెల్సా అందరికి?"

"సత్తెమ్మ పట్టేసింది. ఇది మొగిలి కోడలుకు చెప్పిన ముచ్చట, ఆ పిల్లనే రాసిచ్చింది, మన కడుపు కొట్టింది అన్నది. మీ అమ్మ ఇంటి మీదికి పోదాం నడువుండ్రి అన్నరు."

"నువ్వేమన్నవ్?"

"ఆఫీసరు చేతులున్న పుస్తకం గుంజుకోని అట్ట చూపిచ్చిన. మా పిల్ల పేరేడన్న ఉందా చదవుండ్రి అన్న. కానీ నన్నెవలు నమ్ముతరు? బతుకంత అబద్ధాలాడి నవ్విచ్చినోన్ని. సత్తెమ్మ గుడికి నడువు, ఒట్టేసి చెప్పు అన్నది."

"మామా, సోమవారం వాళ్లు రాకుంటే నా పని అయిపోయినట్టే."

"ఎట్ల తేవాలె రోహిణి? మైసమ్మ ముంగట మండే కర్పూరం మీద అరచెయ్యి పెట్టి ఆర్పిన, ఆ రాత నీది కాదని."