మిలటరీ బండి అడుగు నీళ్లు

గాలిరెడ్డి మిలటరీలో లారీ తోలి, పింఛను మీద మా ఊరు పెద్దకొట్టాలకు వచ్చినోడు. పొద్దున్నే గడ్డం గీసుకుని, బూట్లు తుడుచుకుని గానీ గడప దాటేవాడు కాదు. ఆయన వచ్చిన కొన్నాళ్లకు ఏమైందంటే, మా పంచాయతీ వాళ్లు వేలంలో ఒక పాత మిలటరీ లారీ కొనుక్కొచ్చినారు. శక్తిమాన్ అంటారు దాన్ని. బండి నమూనా జర్మనీ వాళ్లదంట, వాళ్ల దగ్గర హక్కు తెచ్చుకుని జబల్పూరులో మనోళ్లు చేసినారంట. మొద్దు మూతి, ఇంతింత చక్రాలు, గుట్ట ఎక్కమంటే ఎక్కుద్ది, ఏరు దాటమంటే దాటుద్ది. గాలిరెడ్డి దాని చుట్టూ తిరిగి, బానెట్టు మీద చెయ్యేసి, "ఇది నేను సరిహద్దులో తోలిన బండేరా!" అన్నాడంట. నిజమో కాదో, అట్లాంటివి వేలల్లో ఉంటాయి గదా, ఎవురు చూడొచ్చినారు? ఊళ్లో మాత్రం ఆ మాట నిలిచిపోయింది. బండి వీపున నీళ్ల ట్యాంకు బిగించి, ఆయన్నే డ్రైవరుగా పెట్టినారు.

అప్పట్లో ఎండాకాలం వస్తే మా బావులన్నీ ఎండిపోయేవి. గుట్ట అవతల బోరు దగ్గర నింపుకుని పూటకొక ట్యాంకు తెచ్చేవాడు. ముందు రెడ్ల వీధి, తర్వాత బజారు, ఆఖరికి మాలపల్లె. ఎవురు పెట్టినారు ఆ వరస అంటే, ఎవురూ పెట్టలా. బండి అట్లా పోయేది, అంతే అనుకో. మాలపల్లెకు పోయేసరికి ఏముంటది? అడుగు నీళ్లు. తుప్పు, మడ్డి. ఆడోళ్లు కొంగుతో వడగట్టుకునేవాళ్లు, బిడ్డలకు కడుపునొప్పులు. గాలిరెడ్డి కొళాయి తిప్పి, ముఖం అటు తిప్పుకుని బీడీ కాల్చుకునేవాడంట.

అట్లా ఉండగా మాలపల్లె రాహేలమ్మ కొడుకు ఇర్మియా సెలవు మీద వచ్చినాడు. వాడూ మిలటరీనే. ఒకప్పుడు అక్కడ గాలిరెడ్డి తోలే నీళ్ల బండి మీదనే వాడి డ్యూటీ. మంచు కొండల్లో గాలిరెడ్డి జొరమొచ్చి పడిపోతే, తల ఒళ్లో పెట్టుకుని గుక్కగుక్కగా నీళ్లు పోసింది వాడే. అక్కడ వరస వేరంట. జవాన్లందరూ తాగినాక ఆఫీసరు, అందరికంటే ఆఖర్న బండి తోలేవాడు. అక్కడ వాడు ఈయన్ను గురువని ఉస్తాద్ అనేవాడు, ఈయన వాణ్ణి తమ్ముడూ అనేవాడు. ఇక్కడ ఆ సాయంత్రం ఇర్మియా వాళ్లమ్మ బిందె పట్టుకుని వరసలో నిలబడ్డాడు. వాడి వంతుకు కొళాయి ఎర్రగా కక్కింది. వాడు బిందెలోకి చూసినాడు, బండిని చూసినాడు. తిడతాడు, తిడితే నేనూ ఒక మాటంటాను, సరిపోతది అనుకున్నాడు గాలిరెడ్డి. వాడు తిట్టలా. "బాగుండావా రెడ్డీ" అన్నాడంతే, బిందె భుజానికెత్తుకుని పోయినాడు. ఉస్తాద్ అనలా, చూసినారా! గాలిరెడ్డి ఇంటికొచ్చి కంచం పక్కకు నెట్టినాడు. పెళ్లాం వచ్చి, ఏమయ్యా కూర బాలేదా అంటే, "కూర బాగానే ఉంది, నేనే బాలేను" అన్నాడంట.

తెల్లారి ట్యాంకు నింపుకుని వచ్చి, రెడ్ల వీధికి తిప్పాల్సిన స్టీరింగు మాలపల్లెకు తిప్పినాడు. హారను కొట్టినాడు. ఒక్కరు రాలా. మళ్లీ కొట్టినాడు. తలుపు సందుల్లోంచి చూస్తా ఉండారే గానీ బిందె బయటికి రాలా. ఆఖరికి రాహేలమ్మ వచ్చి, నడుం మీద చేతులేసుకుని, "ఏం పడింది రెడ్డీ లోపల? కుక్కా, పందా?" అన్నాది. ఏం పడలేదమ్మా, మంచినీళ్లే అన్నాడు. "మంచినీళ్లయితే మీ వీధోళ్లు వదుల్తారా? మాకెందుకు ముందొస్తాయి?" దణ్ణం పెడతారనుకుని వచ్చినోడు అనుకో, దొంగ మాదిరి నిలబడ్డాడు. "మంచివైతే నువ్వు తాగు, చూస్తాం" అన్నాదామె. దోసిలి పట్టబోయినాడు. "దోసిలెందుకు, ఇదిగో మా చెంబు" అని చాపింది. ఇర్మియా గోడకానుకుని చూస్తానే ఉండాడు, ఒక్క మాట సాయం రాలా. గాలిరెడ్డి ఆ చెంబు ఎత్తుకుని గటగటా తాగినాడు. కళ్లెంబడి నీళ్లు కారిపోతా ఉంటే రాహేలమ్మ, "ఏమయ్యా, అంత చేదుగా ఉండాయా?" అన్నాదంట. అప్పుడు గానీ బిందెలు బయటికి రాలా.

ఆ పూట రెడ్ల వీధికి అడుగు నీళ్లు వచ్చినాయి. సర్పంచి పిచ్చిరెడ్డి బిందెలోకి చూసి, "నీ బుర్ర మోకాల్లోకి జారిందేంరా? ఇవి మనుషులు తాగే నీళ్లా?" అని ఎగిరినాడు. "నేనూ ఇన్నాళ్లూ ఆ మాట అనుకోలా మామా" అన్నాడు గాలిరెడ్డి. ఏమైందంటే, మర్నాడే ఇద్దరు మనుషులొచ్చి ట్యాంకు లోపలికి దిగి తుప్పంతా గీకి కడిగినారు. అన్నేళ్లలో అదే మొదలు కడగడం. వరస గూడా మార్చినారు, ఒకరోజు మీకు ముందు, ఒకరోజు మాకు ముందు అని. ఇర్మియా సెలవైపోయి బస్సెక్కుతా కూడా, "పోయొస్తా రెడ్డీ" అనే అన్నాడంట. ఉస్తాద్ మాట మళ్లీ రాలా.

బండి ఆ తర్వాత చాలా ఏళ్లు పనిచేసింది. నీళ్లు మోసింది, మిరపకాయలు మోసింది, పెళ్లి జనాన్ని మోసింది. ఇప్పుడు రెడ్ల వీధిలో ఎవుర్ని అడిగినా, మాలపల్లెకు ముందు నీళ్లు పొయ్యమన్నది మేమే అంటారు. గాలిరెడ్డి మాత్రం చచ్చేదాకా, "బండి బాగానే పనిచేసింది, తోలినోడే చెయ్యలా" అనేవాడు. ఇంతే కథ. దప్పికయితే ఆ మూలన కుండలో నీళ్లుండాయి, ముంచుకోండి. ఎవురి చెంబని మాత్రం నన్నడగొద్దు.