పైమెట్టు మీద ఓర్వోక్కి చోటు

ఆ మూలకి వద్దమ్మడూ, ఇటు నా పక్కకి రా. అక్కడెవరూ కూర్చోరు. అహఁ, పైమెట్టు చెక్క బాగానే ఉంది, విరగలేదు. అది ఓర్వోక్కి అని, నా నేస్తం, దాని చోటు. ఎప్పుడు పోయిందంటే... నీకప్పటికి పాలపళ్ళు కూడా ఊడలేదులే. తువ్వాలు కిందేసుకుని కూర్చో, కాలుతుంది. పొయ్యి మీద రాళ్ళింకా కాగలేదుగా, నీళ్ళు పోసినా ఆవిరి రాదు, అందాకా చెప్తా.

మిల్లుకి దుంగల లారీ తోలేది. అప్పట్లో మగపేరు ఉండేది, అది నేనిప్పుడు చెప్పను, తనకి గిట్టేది కాదు. పడుచుతనంలో ఎండాకాలం వస్తే సరస్సు ఒడ్డున డాన్సులుండేవి. నన్నెంత బాగా తిప్పేదనుకున్నావ్! మా అమ్మ ఒకటే గొడవ, 'ఒసే తెల్లెర్వో, ఈ ఏడు నిన్ను పెళ్ళికి అడుగుతాడే, చూస్తూండు' అని. అడగలేదు. నేనూ ఇంకెవర్నీ కట్టుకోలేదు. నవ్వకు! అరవై దాటాక ఒకనాడు మా వంటింట్లో కాఫీ తాగుతూ, 'నేను చిన్నప్పట్నుంచీ ఆడదాన్నే, ఇక దాచుకోలేను' అంది. నా గుండెల మీంచి ఒక బండ తీసి, ఇంకో బండ పెట్టినట్టయింది. ఇంకాస్త కాఫీ పోశాను. ఏం చెయ్యను మరి?

మనవాళ్ళ సంగతి తెలుసుగా, మొహం మీద ఒక్క మాట అనరు. చిక్కల్లా ఈ ఆవిరిగదితోనే వచ్చింది. శనివారం మగవాళ్ళ వంతు, అటు పోవడం మానేసింది. గురువారం ఆడవాళ్ళది, ఎవరైనా రమ్మంటే గానీ రాదు. నేను రమ్మన్నానే! 'నీ మనసు తెలుసు తెల్లెర్వో, వాళ్ళ మనసు తెలీదు' అంది. ఈ గది తాళంచెవి హిల్క అనే ఆవిడ దగ్గరుండేది. అబ్బో, ఆవిడ గొంతెత్తితే బకెట్లు మోగేవి. 'పిలవడమేంటే? నన్నెవరు పిలిచారు? గురువారం ఎప్పుడొస్తుందో ఊళ్ళో అందరికీ తెలిసిందేగా!' అనేది. వీళ్ళు పిలవరు, తను రాదు. అలా ఎన్ని చలికాలాలు ఇంట్లో తొట్టిలో ఒళ్ళు కడుక్కుందో పాపం.

అప్పుడు వేసింది నాటకం. సంఘం హాల్లో, ఒక్కతే. 'లారీ తోలే మనిషికి నాటకమేంటి?' అంటూనే ఊరంతా వచ్చారు. స్టేజీ మీద ఒక బల్ల, ఒక బకెట్టు, ఎవరిదో రాళ్ళ పొయ్యి, అంతే. తనే వాళ్ళ నాన్నయ్యింది, తనే డాక్టరయ్యింది, అద్దం ముందు మొదటిసారి గౌను వేసుకుని బొత్తాలు పెట్టుకోలేక నానా అవస్థా పడితే హాలంతా నవ్వు. ఆఖర్న బకెట్టు పట్టుకుని నిలబడి, 'శనివారం వాళ్ళది, గురువారం వీళ్ళది. మరి నాదే రోజు?' అంది. గరిటెతో రాళ్ళ మీద నీళ్ళు పోసింది. చుయ్‌మంది. మనకి అలవాటేగా, నీళ్ళు పోస్తే ఆ ఆవిరి సర్దుకునేదాకా ఎవరూ మాట్లాడకూడదు. హాలంతా తలలు దించుకుని కూర్చుంది. ఒక్కళ్ళు చప్పట్లు కొడితే ఒట్టు! తను కాసేపు చూసింది. మొహం పాలిపోయింది. గౌను మీదే కోటేసుకుని వెనక తలుపులోంచి వెళ్ళిపోయింది. అదీ నాటకంలోదే అనుకున్నారు వీళ్ళు. అలాగే కూర్చున్నారు. కూర్చున్నారు. చివరికి హిల్క, 'అయిపోయిందా ఏంటి?' అంది.

నేను వెనకాలే వాళ్ళింటికి పరిగెత్తాను. తలుపు తియ్యదే! 'వాళ్ళ మనసు తెలిసిపోయిందిలే, పో' అంటుంది లోపల్నుంచి. నాకా ఏడుపు ఆగదు. అంతలో వెనకాల మంచులో హిల్క, రొప్పుకుంటూ. తలుపు మీద దబదబా బాదింది. 'ఏమే! నీళ్ళు పోసిన మనిషి లేచిపోవడం ఎక్కడి మర్యాద? పోసినవాళ్ళు కూర్చోవద్దూ? గురువారం రా. తువ్వాలు నువ్వే తెచ్చుకో, మా దగ్గర లేవు!'

వచ్చింది. అదిగో, ఆ మూల కూర్చుంది. హిల్క గరిటె తీసి తన చేతికిచ్చింది, అంతే. ఆ తర్వాత ప్రతి గురువారం ఇక్కడ నేను, అక్కడ తను, భుజం భుజం తగిలేది. డాన్సులో పట్టుకున్న చెయ్యే, గరుకుది. మొగుడొస్తాడని ఎదురుచూసినదాన్ని, నాకు దొరికింది ఇది. చాలనుకున్నాను. చాలలేదమ్మడూ. ఇంకా కొన్నాళ్ళు ఉండుంటే బాగుండేది. ఇప్పటికీ ఇటు వైపు భుజానికి చలేస్తుంది, ఇంత వేడిలోనూ.

ఆఁ? వేసింది, వేసింది, ఆ నాటకం మళ్ళీ పక్క ఊళ్ళో... ఉండు, రాళ్ళు కాగాయి. ఆ గరిటె ఇలా ఇయ్యి. నేను పోస్తున్నా, ఇంక మాట్లాడకు.