ఏడు పేర్ల దోసె

మా మేఘ బిడ్డను తొట్టెలలో వేసే దినానికి టిఫిను ఎవరి చేత చేయించాలో ఆ పొద్దే తేల్చాలి. పక్కింటి దేవక్క వచ్చి కూచుంది. మొగుడు పోయినాక ఆమె అడిగిన మొదటి పెద్ద పని ఇది. మా అత్త ఉచ్చంగెమ్మ నోరు విప్పేలోపలే, అదే పని కోసం దూరపు చుట్టం హంపేశ్ అరుగెక్కినాడు. టీ గ్లాసు చేతికి రాగానే మొదలుపెట్టినాడు.

"దేవక్క చేతిని నేను తప్పు పట్టను అత్తా. కానీ కుడతిని కరెంటు ప్లాంటు మెస్సులో దినమూ యాభై దోసెలు పోసినోణ్ణి నేను. అదేం పెద్ద మాట కాదులే. ఆడ పనోళ్లు నానా రాజ్యాలోళ్లు. కోస్తావోడు అట్టంటాడు, మనోడు దోసంటాడు, మందంగా పోస్తే అరవాయన ఊతప్పమంటాడు, మూడు కలిపి పెడితే మైసూరోడు సెట్టంటాడు, ఉత్తరాదోడు చీలా అంటాడు, గుంతల్లో పోస్తే కన్నడమోళ్లు పడ్డంటారు, మనం పొంగణాలంటాం. పేరు కోసం కాలర్లు పట్టుకున్యారు. పిండి రుబ్బినోణ్ణి ఒక్కడూ అడగలే. ఆ తర్వాత ఏమైందో తెలుసా? అందరికీ కలిపి ఒకటే పోస్తానని పందెం కాసినా."

పెనం చాలిందా అని నా మరిది రుద్రేశ్ అడిగినాడు.

"యాడ చాలుతాదప్పా? లారీ అంత ఇనుప రేకు వేయించినా. నీళ్ల ట్యాంకరుతో పిండి వదిలినా. సైకిలుకు వెనక చీపురు కట్టి, గుండ్రంగా తొక్కుతా పరిచినా."

చీపురు కొత్తదేనా అని దేవక్క మెల్లగా అడిగింది. అది వినపడనట్టే చెప్పుకుంటా పోయినాడు.

"తిరగెయ్యడానికి క్రేను వచ్చె. దోసె పైకి లేసేసరికి కప్పగల్లు దాకా నీడ పడె. గ్రహణమనుకొని ఆ ఊరి ముసలోళ్లు పట్టుస్నానాలు చేసినారు. అంతెందుకు అత్తా, చోరనూరు నుంచి మీ పుట్టింటోళ్లు రెండు ట్రాక్టర్లలో వచ్చి ఒక అంచంతా తినిపోయినారు. ఇప్పటికీ నన్ను తలుచుకుంటారంట."

అత్త వత్తులు చేసుకుంటూనే, అది ఏ దినమప్పా అంది.

"మరిచిపోతానా? నాగర పంచమి. ఊరంతా జోకాలి ఉయ్యాలలు ఊగుతాంటే నేను దోసె తిరగేస్తాంటి."

అత్త చేతిలో వత్తి ఆగలేదు. "మా పుట్టింట పంచమినాడు పొయ్యి మీద పెనమే పెట్టరు హంపేశప్పా. ఆ కాక నాగప్ప పడగకు తగులుతాదని. ఆ దినం ఉడకబెట్టిందే తింటాం."

అదీ ఆవిరి మీద ఉడికిన దోసేనని హంపేశ్ అనబోయినాడు. రుద్రేశ్ నవ్వులో ఆ మాట సగం మునిగింది.

అత్త దేవక్క వైపు తిరిగి, శుక్రవారానికి బియ్యం నానబెట్టమంది. దోసెలా, పడ్డా, ఏం చేయాలని దేవక్క అడిగింది.

"మెత్తగా చెయ్యి తల్లీ. తిన్యాక పేరు వాళ్లే పెట్టుకుంటారు."