నలభై నిమిషాల వేడి

అది కాదు సార్, ఆ రాసేది కాస్త ఆపి నా మాట వినండి. ఏసీ బాబాయ్ నిర్లక్ష్యం అని ఎలా రాస్తారు? ఎవరు చెప్పారు మీకు? గదిలో వేడి లెక్కగట్టే ఆ గ్రాఫ్ కాగితమా?

ఇరవై రెండేళ్లుగా కటకాలు అతికించే ఆ గదిని ఇరవై డిగ్రీల దగ్గర కదలకుండా నిలబెట్టిన మెకానిక్ ఆయన. రేపు ఇంటికి పంపించేస్తే ఈ వయసులో ఇంకెవరు పనిస్తారు? మీరిస్తారా?

ఏంటీ, అసలేం జరిగిందో మొదట్నుంచీ చెప్పాలా? సరే.

టెలిస్కోపు వెనకాల ఒక పరికరం ఉంటుంది. చుక్కల వెలుగును రంగులుగా విడదీస్తుందే, అది. దానికోసమే ఆ రెండు కటకాలూ. ఒకదానిమీద ఒకటి పెట్టి, బల్ల తిప్పుతూ, గోడమీద పడే వెలుగు చుక్క ఊగడం మానేదాకా జరుపుతూనే ఉండాలి. వెంట్రుక మందంలో పదో వంతు తేడా వచ్చినా పనికిరాదు. పదకొండు రోజులు పట్టింది నాకు. మధ్యలో జిగురు పోశాక గట్టిపడటానికి ఇంకో వారం. ఆ వారం గదిలో చీమ కూడా దూరకూడదు. మనిషి ఒంటి వేడికే కింద ఇనుప చట్రం సాగి గాజు జరిగిపోతుంది. తలుపు మీద "ఎవరూ లోపలికి రావద్దు" అని బోర్డు రాసి పెట్టింది నేనే.

మూడో రోజు మధ్యాహ్నం నలభై నిమిషాలు వేడి పెరిగింది. కటకం జరిగి అలాగే అతుక్కుపోయింది. అంతవరకూ నిజమే. ఏసీ ఆగిందని ఎవరన్నారు? ఆగిపోయిన ఏసీ నలభై నిమిషాలయ్యాక బుద్ధొచ్చి దానంతటదే తిరుగుతుందా? ఆ మాత్రం ఆలోచించకుండానే విచారణకొచ్చేశారా?

నీళ్లు వద్దు. నాకేం కాలేదు.

తాళంచెవులు రెండే అంటున్నారు. అవును, ఒకటి బాబాయ్ దగ్గరుంది. రెండోది ఎవరి దగ్గరో అడగరేం? ఆవిడ చేయి తిరిగిన మనిషి, ఆవిడెందుకు చేస్తుందిలే అనుకున్నారు. నా మీద మీకున్న ఆ గౌరవం చూస్తేనే నాకు ఒళ్లు మండుతోంది.

ఆ రోజు పొద్దున్నే కంటి డాక్టరు తేల్చి చెప్పేశాడు, నా కుడికన్ను ఇక ఈ పనికి రాదని. ఇంట్లో చెప్పలేదు. చెప్తే మా ఆయన "పోనీలే, ఇకనైనా విశ్రాంతి తీసుకో" అంటాడు. ఆ మాట వినే ఓపిక నాకు లేదు. నేరుగా ఇక్కడికే వచ్చాను. ఇదే నా ఆఖరి జత కదా అని లోపలికెళ్లి, స్టూలు లాక్కుని దాని పక్కనే కూర్చున్నాను. ముట్టుకోలేదు సార్, ఒట్టు. ఊరికే కూర్చుని ఏడ్చాను.

బయటికొస్తుంటే బాబాయ్ చూశాడు. అయినా మీ ముందు నోరు విప్పలేదు. ఎవరు దాచమన్నారు ఆయన్ని? నాలుగు రోజులుగా ఆయన మాటలు పడుతుంటే నేనూ విప్పలేదు, సిగ్గులేకుండా.

ఏసీ బాగానే ఉంది. ఆ వేడి నా ఒంటిది. ఆయన పేరు కొట్టేసి నాది రాసుకోండి.

ఏం సార్, ఇందాక ఆపమంటే ఆగని చేయి, ఇప్పుడు ఆగిపోయిందేం?