సోమారం వచ్చిన జమున

బిడ్డా మహిమా, నేను గిప్పటిదాంక ఏదీ రాయలే. ఐదో తరగతిల బడి బందయ్యింది. గప్పటిసంది బీడీ కార్డు మీద సంతకం, ఆధార్ కాయిదం మీద సంతకం, గంతే. మా ఆయన మస్కట్ పోయిన కొత్తల గూడ నేను ఉత్తరం రాయలే, క్యాసెట్ల మాట్లాడి పంపేది. తలుపు పెట్టుకొని టేప్ రికార్డర్ ముంగట కూసుంటే ఒకదిక్కు నిండెదాంక మాట్లాడేది. బర్రె ఈనింది, గోడ కూలింది, మా అత్తకు మోకాళ్ళు గుంజుతున్నయ్, అన్నీ. మనిషి ముంగట లేకుంటే నాకు మాట మంచిగ వస్తది. ముంగట ఉంటే నాలిక లేవదు. అందుకే మొన్న నువ్వు మా ఇంటికి వచ్చి, నా ఎదురుంగ కూసోని, "చిన్నమ్మా, మా అమ్మ గురించి జర చెప్పవా" అంటే, చాయ పెడుత అని లోపటికి పోయి ఆడనే నిలవడ్డ. చాయ పొంగి పొయ్యి మీద పడ్డది గూడ నీకు తెల్వదు. ఇంక నన్ను చిన్నమ్మ అని పిలిచినోళ్ళు గీ భూమ్మీద నువ్వొక్కదానివే బిడ్డా. గా మాటకే నాకు సగం తెలివి తప్పింది. గిప్పుడు నువ్వు లేవు, తలుపు పెట్టుకున్న, గీ నోటుబుక్కుల క్యాసెట్ల మాట్లాడినట్టు మాట్లాడుత. తప్పులుంటే నువ్వే దిద్దుకో.

కనకున్నా నిన్ను బిడ్డ అన్నది గద, నువ్వు మా అమ్మ అంటవ్, నేను మా అన్న అంట. ఇద్దరికి ఒక్క మనిషే. చిన్నప్పటి ముచ్చట రాసేటప్పుడు అన్న అనే వస్తది, నోటికి అలవాటు పడ్డది, ఏమనుకోకు. ముంగటికి పోయినంక అక్క అని రాస్త. రాయొస్తదో రాదో, చూద్దాం. నువ్వు చెప్పినవ్ గద, కరీంనగర్ల మీటింగు ఉన్నది, మీ అసొంటోళ్ళ ఇండ్లల్ల మనుషులు రాసిన మాటలు పేర్లు పెట్టి చదువుతం అని. "నీకు భయమైతే నీ పేరు తీసేస్త చిన్నమ్మా" అని గూడ అన్నవ్. భయం ఎందుకు కాదు? మా లగ్గం ఖాయమైన నాడు, నలుగురు కూసున్న కాడ, మా బాపు అంతయ్య ఏం చెప్పిండో తెలుసా? "ఒక కొడుకు ఉండె, చిన్నప్పుడే సచ్చిపోయిండు, ఇగ గీ ఒక్క పిల్లనే" అన్నడు. నేను చాప మీద తలకాయ దించుకొని ఇన్న. గప్పటికి మా అన్న బల్లార్షల బతికే ఉన్నది. మా ఆయనకు గిప్పటికి గదే తెలుసు. ఇరవై ఏడేండ్లాయె. నువ్వు నా పేరు చదివితివనుకో, ఎవలో ఒకలు ఫోన్ల పడతరు, అది మా ఊరోళ్ళ గ్రూపుల పడతది, పొద్దూకేలోపు మస్కట్ల మా ఆయన చేతిల ఉంటది. పేరు ఉంచాల్నా తియ్యాల్నా. వారం దినాలసంది బీడీలు చేసుకుంట గదే ఫికర్. దారం చుట్టుడు మర్చిపోయి ఉత్త ఆకు మలిచి చాటల ఏస్తున్న.

మాది బెల్లంపల్లి. బాపు బొగ్గుబాయిల పనిచేసేది. మా అవ్వ కిష్టవ్వ. అన్న పేరు గోపాల్, నాకన్న నాలుగేండ్లు పెద్ద. నాకు జడలు అన్ననే ఏసేది. అవ్వ ఏస్తే బడికి పోయేసరికి ఊడిపోయేది, అన్న ఏస్తే తెల్లారి గూడ గట్లనే ఉండేది. బడిల పంతులమ్మ "ఎవలే నీకు జడ ఏసేది" అని అడిగితే మా అన్న అని చెప్పిన, క్లాసంత నవ్విన్రు. నాకెందుకు నవ్విన్రో సమజ్ కాలే. మా పక్క క్వార్టర్ల హనుమండ్లు అని ఒకాయన ఉండె, బాపు సోపతే, నోరు మంచిది కాదు. బాపు డ్యూటీ నుంచి వస్తుంటే సాలు, "ఏం అంతయ్యా, నీకు ఒక్కతే బిడ్డ అనుకున్న, ఇద్దరుండిరా?" అని ఒర్రేది. బాపు తల వంచుకొని వచ్చేది. మా అవ్వ ఊకుంటదా, గోడ మీదికెల్లి, "ఇద్దరో ముగ్గురో, నీ ఇంట్ల కూడు పెడుతున్నవారా హనుమండ్లూ?" అనేది. గంత నోరున్న అవ్వ బాపు ముంగట మాత్రం కిక్కురుమనకపోయేది. మా అన్న అవ్వ చీర కొంగు తల మీద ఏసుకొని అద్దంల చూసుకుంటుంటే బాపు చూసిండు ఒకనాడు. బెల్టు తీసిండు. గది రాయను.

తర్వాత బాపుకు దమ్ము వచ్చి బాయిల పని చేతగాలే. గప్పట్ల తండ్రి దిగిపోతే కొడుకును పెట్టుకుందురు. గంత మంచి కొలువు ఎవలకు దొరుకుతది చెప్పు? బాపు మస్తు ఖుషీ. "అరేయ్ గోపాలా, జడలు అల్లినయ్ సాలు, ఇగ బాయి దిగి మొగోనివి గా" అన్నడు. డాక్టర్ పరీక్షకు తీస్కపోయిన్రు. ఆడ మొగోళ్ళందరిని అంగీలు ఇప్పి వరుసల నిలవెట్టిన్రట. ఏమన్నరో ఏం నవ్విన్రో, మా అన్న ఎవలకు చెప్పలే. ఇంటికి వచ్చి ఎన్క దొడ్లె కూసోని ఒళ్ళు కడుక్కుంటనే ఉన్నడు, బిందెలకు బిందెలు. అన్నం తినలే. తెల్లారి బాయి కూత ఎయ్యకముందే నన్ను లేపి జడ ఏసిండు. "గట్టిగ ఏసిన, రెండొద్దులు ఇప్పకు" అన్నడు. ఏడ్సినట్టు లేదు, ఏం లేదు. అటెంక పొయ్యి నాగపూర్ బండి ఎక్కిండు. నేను రెండొద్దులు కాదు, ఆరొద్దులు ఇప్పలే. పేండ్లు పడ్డయని అవ్వ నెత్తి మీద కొట్టి ఇప్పింది. ఇప్పుకుంట అవ్వనే ఏడ్సింది.

మల్ల తొమ్మిదేండ్లకు వచ్చింది. ఇగ అక్క అని రాస్తున్న చూడు, రాయొస్తున్నది. అది మా బాపోళ్ళు నాకు ఒడిబియ్యం పోసే నాడు. మీ క్రైస్తవుల ఇండ్లల్ల ఉంటదో ఉండదో, చెప్పుత విను. పెండ్లయిన ఆడిబిడ్డను కొన్నేండ్లకు పుట్టింటోళ్ళు పిలిచి, కొత్త చీర పెట్టి, పసుపు కలిపిన బియ్యం, కుడుకలు, కర్జూరలు ఒడిల పోస్తరు. అంటే నువ్వు ఏడున్నా గీ ఇంటి బిడ్డవే అని. ఆ బియ్యం అత్తగారింటికి తీస్కపోయి, ఒక దినం చూసి వండుకొని, చుట్టాలను పిలిచి పెట్టాలె. నా పెండ్లయిన ఐదో ఏడు గది. నేను పీట మీద కూసుందామని పోతున్న, ముంగట వాకిట్ల ఎవలో ఆకుపచ్చ చీర కట్టుకొని నిలవడ్డరు. "అగ కోమలా" అన్నది. మాటల నడుమ మరాఠీ వస్తుండె. ఎత్తు మనిషి, కొప్పు పెట్టుకున్నది, చేతులు చూసి గుర్తుపట్టిన. నాకు జడలేసిన చేతులు గద. "నా పేరు గిప్పుడు జమున" అన్నది. అవ్వ దర్వాజ పట్టుకొని కూలబడ్డది. అక్క బాపు కాడికి పోయి, "బాపూ, చెల్లెకు పోస్తున్నరట, నాకు గూడ పొయ్యున్రి" అన్నది. బాపు మొఖం అటు తిప్పి, "నీకు మొగడున్నడా ఒడిబియ్యం పొయ్య?" అన్నడు. అక్క నవ్వింది. "మొగడు లేకుంటే ఏమాయె బాపు, ఒడి ఉన్నది గద" అని కొంగు ఎడల్పు జేసింది. ఎవ్వలు కదలలే. వచ్చిన చుట్టాలు వక్క నములుడు బందు చేసిన్రు. అక్క శాన సేపు గట్లనే కొంగు పట్టుకొని నిలవడ్డది బిడ్డా. తర్వాత కొంగు దులుపుకొని భుజం మీద ఏసుకున్నది.

పొయ్యే ముందు నన్ను పక్కకు పిలిచి, "నాకు పొయ్యకుంటే పాయె. నువ్వు మీ ఇంటికాడ వండుకుంటవ్ గద, గా బియ్యం ఒక్క ముద్ద తింట చెల్లె. ఎన్నడు?" అని అడిగింది. ఆయితారం వండాలని మా అత్త రామవ్వ చెప్పి పంపింది. నాకు మా అత్త యాదికొచ్చింది, సచ్చిపోయిండని చెప్పిన మాట యాదికొచ్చింది. సోమారం అని చెప్పిన.

గంతే బిడ్డా. సోమారం అన్న. ఒక్క మాట.

సోమారం పగటీలి వచ్చింది. బెల్లంపల్లి నుంచి మెట్‌పల్లికి బస్సులు మారి మారి, మల్ల మా ఊరికి ఆటోల. పొద్దుగాల ఏ జాముకు ఎల్లిందో. మా ఇంటి ముంగట ఆయితారం నాటి ఇస్తరాకులు కుప్ప పోసి ఉన్నయ్, కుక్కలు గుంజుతున్నయ్. గంజులు తోమి గోడపొంటి బోర్లిచ్చి ఉన్నయ్. అక్క ఆకులను చూసింది, గంజులను చూసింది, నన్ను చూసింది. మా అత్త ఎల్లచ్చి, "ఎవలవ్వా నువ్వు?" అంటే, నేను నోరు తెరవకముందే అక్కనే, "కోమలోళ్ళ ఊరోళ్ళమమ్మా, గాజులు ఇచ్చిపోదామని వచ్చిన. నిన్న రమ్మన్నది, నేనే దినం మర్చిపోయిన, నాది పాడు మతి" అన్నది. తప్పు తన మీద ఏసుకున్నది. మా అత్తకు జాలి అనిపిచ్చింది, నిన్న మిగిలిన అన్నం పళ్ళెంల పెట్టి చారు పోసి ఇచ్చింది. అరుగు మీద కూసోని తిన్నది. సల్లటి అన్నం. "బియ్యం మంచియి" అన్నది. "పెద్దోళ్ళు పెట్టిన బియ్యం, మంచిగుండయా" అన్నది మా అత్త. చెయ్యి కడుక్కొని నా చేతులకు గాజులు తొడిగింది. అడగకుండనే నా చేతి సైజు తెచ్చింది. నేను బస్టాండు దాంక గూడ పోలే. పొయ్యి మీద పాలున్నయ్ అన్న.

తర్వాత ఫోన్లు వచ్చినంక ఏడాదికి ఒకటి రెండుసార్లు చేసేది. తిన్నవా, పిల్ల మంచిగున్నదా, బీడీలు ఎక్కువ చెయ్యకు, మెడ గుంజుతది. ఒక్కసారన్న గా సోమారం ముచ్చట తీస్తదేమో అని ఎదురుచూస్తుంటి. తిడితే ఏడుద్దామని. తియ్యలే. బాపు పోయిండు, అవ్వ పోయింది, రెండుసార్లు గూడ అక్కకు కబురు పోలే. పదకొండేండ్ల కింద నువ్వు ఫోన్ చేస్తివి, యాదున్నదా? "చెల్లె అని రాసి ఉన్నది నంబరు, జమునమ్మ పోయింది, చంద్రాపూర్ దవాఖానల ఉన్నం, వస్తరా?" అంటివి. నా పక్కన మా అత్త ఆకు కత్తిరిస్తున్నది. నేను ఆఁ, ఆఁ అని పెట్టేసిన. "ఎవలే" అంటే "కంపెనీ ఫోన్" అన్న. గా దినం ఎన్ని బీడీలు చేసిన్నో, చేతులు ఆగలే.

మొన్న నువ్వు చెప్పినవ్ గద, కొన్ని దేశాలల్ల మీ అసొంటోళ్ళు మంచిగ పెండ్లిళ్ళు చేసుకుంటరట, కొన్ని దేశాలల్ల జైల్ల ఏస్తరట, మా ఆయన ఉన్న దేశంల గూడ గంతేనట. హక్కుల కోసం దునియంత కొట్లాడుతున్నరని. హక్కు అంటే నాకు పెద్ద మాట బిడ్డా, నాకేం తెలుసు. నాకు తెలిసిన హక్కు ఆడిబిడ్డ ఒడి ఒక్కటే. మీ కన్నతల్లి ఆనందమ్మ ప్రార్థనల నీ కోసం ఏడుస్తది, గని పాత పేరు పెట్టి ఏడుస్తది అని చెప్పినవ్. "దేవునికి నా కొత్త పేరు తెల్వదేమో చిన్నమ్మా" అని నవ్వినవ్. నేను నవ్వలే. పొయ్యేటప్పుడు చెప్పులు తొడుక్కుంట ఇంకో మాట అంటివి. "మా అమ్మ శాన చెప్పేది, మా చెల్లె ఇంట్ల ఒడిబియ్యం తిన్న, పిలిచి మరీ పెట్టింది అని, మా అందరికి చెప్పేది" అని. నువ్వు అట్ల ఆటో ఎక్కినవ్, నేను గీడ గడప మీద కూసున్న. దీపం పెట్టలే, ఏం పెట్టలే. పిలిచి మరీ పెట్టిందట.

ఇంట్ల నేనొక్కదాన్నే. అత్త పోయి మూడేండ్లాయె, పిల్లను నిర్మల్ ఇచ్చినం. ఎవలకన్న చెప్పుదామంటే చాట ఉన్నది, కత్తెర ఉన్నది.

నిన్న గిందాంక రాసి ఆపిన. పొద్దుగాల లేచి మస్కట్‌కు ఫోన్ చేసిన. నేను ఎన్నడు చెయ్య, ఆయననే చేస్తడు. పరేషాన్ అయ్యిండు, "ఏమైంది, పిల్ల మంచిగున్నదా?" అన్నడు. మంచిగున్నది అన్న. "మా బాపు అబద్ధం చెప్పిండు. మా అన్న చిన్నప్పుడు సావలే. మా అన్న కాదు, అక్క. పేరు జమున. మనింటికి వచ్చింది, మీ అవ్వ అన్నం పెట్టింది" అన్న. క్యాసెట్ల మాట్లాడినట్టు, ఆగకుండ, అన్నీ చెప్పిన, సోమారం గూడ. అటు దిక్కు ఎవలో దూరంగ హిందీల బస్సు వచ్చింది నడువున్రి అంటున్నరు. కట్ అయ్యిందేమో అని చూసిన, కాలే.

"మరి ఆమె పోయినప్పుడు పోయినవా?" అని అడిగిండు.

"పోలే" అన్న.

బస్సు సప్పుడు వచ్చింది. "డ్యూటీకి పోతున్న" అన్నడు. సరే అన్న.

పేరు తియ్యకు మహిమా.